బెత్తెడు లోతున చందమామ

2023 ఆగస్టు 23, సాయంత్రం ఆరు దాటి నాలుగు నిమిషాలు. బాలానగర్‌లో మా షెడ్డు వాళ్లం, పక్క షెడ్ల వాళ్లం మిషన్లు ఆపేసి ఒకే ఫోను చుట్టూ మూగాం. చంద్రుడి మీద చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ దిగింది. ఈలలు, చప్పట్లు. ఎవరో పరిగెత్తుకెళ్లి కిలో లడ్డూలు తెచ్చారు. పావుగంటలో అందరూ చేతులు తుడుచుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. మా కుర్రాడు బండి స్టార్ట్ చేస్తూ, "అన్నా, అయిపోయింది కదా, ఇంకా ఏం చూస్తున్నవ్?" అన్నాడు.

అయిపోవడమేంటి, నా మటుకు నాకు అప్పుడే మొదలైంది. నేను ఎదురుచూస్తున్నది ఒక థర్మామీటర్ కోసం.

నా బతుకుతెరువు కాలిబ్రేషన్. ఫ్యాక్టరీల నుంచి ప్రెషర్ గేజులు, టెంపరేచర్ ప్రోబులు, తూకాలు వస్తాయి. అవి నిజం చెబుతున్నాయో అబద్ధం చెబుతున్నాయో తేల్చి, స్టిక్కర్ వేసి పంపిస్తాం. ఫ్లాస్కులో దంచిన ఐసు, డిస్టిల్డ్ వాటర్ కలిపి అందులో ప్రోబు ముంచితే పీటీ-100 సెన్సర్ 100 ఓములు చూపాలి. అది సున్నా డిగ్రీలు. అక్కడ తప్పిన ప్రోబుతో ఆ పైన ఏం కొలిచినా దండగే. పాతికేళ్లుగా ఇదే పని. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అని అడిగితే చెప్పడం కష్టం, విన్నవాళ్లకి గుర్తుండడం ఇంకా కష్టం.

ఒకసారి ఒక మందుల కంపెనీ వాళ్లు పిలిచారు. రియాక్టర్‌లో టెంపరేచర్ ఆరు డిగ్రీలు తక్కువ చూపిస్తోందట. అప్పటికే మూడు సెన్సర్లు మార్చారు. తీరా చూస్తే ఏ సెన్సర్‌లోనూ దోషం లేదు. సెన్సర్ కూర్చునే గొట్టంలో, అంటే థర్మోవెల్‌లో, నూనె పొయ్యడం మరిచిపోయారు. ప్రోబుకీ గొట్టం గోడకీ మధ్య వెంట్రుకవాసి గాలి మిగిలింది. ఆరు డిగ్రీలు పోవడానికి అది చాలు. థర్మామీటర్ ఎప్పుడూ తన ఒంటి వేడి మాత్రమే చెబుతుంది. ఎదుటి వస్తువు వేడి చెప్పాలంటే దాన్ని గట్టిగా కరుచుకుని ఉండాలి.

చంద్రుడి మీద ఈ కరుచుకోవడమే గండం. అక్కడి మట్టి పిండిలా ఉంటుంది. రేణువుకీ రేణువుకీ మధ్య గాలి కూడా లేదు, శూన్యం. రేణువులు ఒకదాన్నొకటి సూదిమొనంత మేర తాకుతాయి, అంతే. వేడి కిందికి దిగాలంటే ఆ సూదిమొనల మీదుగా పాకాలి. అలాంటి మట్టిలో ఒక కడ్డీ గుచ్చామనుకోండి. కడ్డీయే పై వేడిని లోపలికి మోసుకుపోతే మనం కొలిచేది చంద్రుణ్ణి కాదు, కడ్డీని. గుచ్చేటప్పుడు చుట్టూ మట్టి నలిగి గట్టిపడితే ఆ మట్టి గుణమే మారిపోతుంది. చంద్రయాన్-3లో వెళ్లిన ఛేస్ట్ అనే పరికరం ఈ చిక్కులన్నీ తలకెత్తుకున్న థర్మామీటర్. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీ కలిసి చేశాయి. కడ్డీ పొడవునా పది సెన్సర్లు. మోటారు తిరుగుతుంటే అది మెల్లగా మట్టిలోకి దిగుతుంది. పది సెంటీమీటర్ల దాకా దిగగలదు. మన కొలతలో బెత్తెడుకి కాస్త పైన.

బెత్తెడేనా అని తీసిపారేయకండి. 2014లో తోకచుక్క మీద దిగిన ఫిలే ఇలాంటి ప్రోబునే గుచ్చబోతే నేల గట్టిగా ఉండి దిగలేదు. అంగారకుడి మీద నాసా ల్యాండర్ ఇన్‌సైట్ నేలలోకి పంపిన సమ్మెట లాంటి ప్రోబు మూడు నుంచి ఐదు మీటర్లు దిగాల్సింది. చుట్టూ ఉన్న మట్టి పట్టు దొరక్క, రెండేళ్లు ఉన్నచోటే గెంతి గెంతి, చివరికి 2021 జనవరిలో చాలించుకుంది.

ఇక చంద్రుడి మీద థర్మామీటర్ పాతడం అపోలో వాళ్లకే చుక్కలు చూపించింది. అపోలో 15లో డ్రిల్లు అనుకున్న లోతులో సగానికి అటూ ఇటూగా ఇరుక్కుపోయింది. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 వాళ్లు మళ్లీ ప్రయత్నించారు. కమాండర్ జాన్ యంగ్ కాలికి కేబులు తగులుకుని, కనెక్టర్ దగ్గర ఊడి వచ్చేసింది. లక్షల మైళ్లు మోసుకెళ్లిన ప్రయోగం ఒక్క అడుగుతో సరి. మా షాపు నేల మీద కేబుళ్లు పరిచినప్పుడల్లా కుర్రాళ్లకి ఈ కథ చెబుతుంటాను. విసుక్కుంటారు, కానీ చూసి నడుస్తారు. ఆ డిసెంబరులో అపోలో 17 ప్రోబులు రెండు మీటర్లు దాటి దిగాయి. అదృష్టం బాగుందనుకునేలోపు ఇంకో వింత. నేల లోపలి వేడి ఏటేటా కొంచెం కొంచెంగా పెరుగుతూ పోయింది. కారణం చాలాకాలం తేలలేదు. పోయాయనుకున్న డేటా టేపుల్ని దశాబ్దాల తర్వాత వెతికి పట్టుకుని లెక్కలు కట్టిన శాస్త్రవేత్తలు 2018లో తేల్చిందేమంటే, అక్కడ మనుషులు తిరగడం వల్లే! బూట్లతో, బండి చక్రాలతో పై ధూళి చెదిరి, నేల కాస్త నల్లబడి, ఎండని ఎక్కువ పీల్చుకుంది. కొలవడానికి వెళ్లినవాళ్లే కొలతని మార్చేశారు. మా పనిలో ఇంతకన్నా పెద్ద పాఠం లేదు.

ఆగస్టు 27న ఇస్రో ఛేస్ట్ గ్రాఫు పెట్టింది. నేల మీద యాభై డిగ్రీలు దాటిన వేడి. ఎనిమిది సెంటీమీటర్ల లోపల మైనస్ పది. బెత్తెడు మట్టిలో అరవై డిగ్రీల తేడా! ఫోను మా కుర్రాడికి చూపిస్తే "గ్రాఫు తప్పేమో అన్నా" అన్నాడు. మంచి టెక్నీషియన్ అవుతాడు వీడు అనుకున్నాను.

అసలు సంగతి ఆ తర్వాత, 2025 మార్చిలో పేపరుగా వచ్చింది. ఛేస్ట్ గుచ్చిన చోట పగటి వేడి 82 డిగ్రీల దాకా పోయింది. అక్కడికి మీటరు దూరంలో, చదునుగా ఉన్న నేల మీద 59 మాత్రమే. ఎందుకంత తేడా? ఛేస్ట్ దిగిన చోట నేల సూర్యుడి వైపు ఆరు డిగ్రీలు వాలి ఉంది. చూడ్డానికి చిన్న వాలే. కానీ విక్రమ్ దిగింది దక్షిణాన 69 డిగ్రీల అక్షాంశం మీద. అక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు. మధ్యాహ్నం కూడా అంచు నుంచి ఇరవై ఒక్క డిగ్రీల ఎత్తులో పాకుతూ పోతాడు. అంత ఏటవాలు ఎండలో నేల ఆరు డిగ్రీలు అటు తిరిగితే, పడే ఎండ పాతిక శాతానికి పైగా పెరుగుతుంది. కాగితం మీద నేనే లెక్క వేసి చూశాను. 59 డిగ్రీల నేల దాదాపు ఎనభైకి వస్తుంది. చేత్తో వేసిన లెక్క అంత దూరపు రీడింగుకి దగ్గరగా వస్తే కలిగే సంతోషం చెప్పుకుంటే నవ్వుతారు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాలు అటు కాకుండా ఇటు తిరిగితే? అదే పేపరు లెక్క ప్రకారం, అలాంటి అక్షాంశాల్లో సూర్యుడికి వీపు పెట్టి ధ్రువం వైపు 14 డిగ్రీలకి మించి వాలిన నేలల్లో, కొద్ది లోతులోనే మంచు నిలిచేంత చలి ఉండొచ్చు. నీళ్లు వెతకడానికి ధ్రువాల దగ్గరి చీకటి గుంటల్లోకే దిగనక్కర్లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. మీటరు దూరంలో ఇరవై మూడు డిగ్రీల తేడా ఉన్నప్పుడు, ఒక్క చోట గుచ్చిన ఒక్క థర్మామీటర్‌తో "చంద్రుడి దక్షిణాది నేల వేడి ఇంత" అని ఎవరు చెప్పగలరు? ఒక రియాక్టర్‌కే నాలుగు చోట్ల సెన్సర్లు పెట్టమంటాను నేను. ఛేస్ట్ తన రీడింగుతో మనకి చెప్పిన పెద్ద మాట, నా లాంటివి ఇంకో వంద కావాలి అని. వంద కావాలంటే ఒక్కొక్కటీ చిన్నది కావాలి, చవకది కావాలి, ఎవరి ల్యాండర్‌కైనా తగిలించడానికి వీలుండాలి. భుజాన వేసుకోవడానికి ఎవరూ వెనకాడనంత తేలిక కావాలి.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 2020లో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ ఒక పోటీ పెట్టింది. చిన్న రోవరు మీద పట్టేలా, పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, ఐదు ఎత్తు, 400 గ్రాములు మించకుండా పరికరాలు ఊహించమంది. ఒంటికి రుద్దుకునే సబ్బంత! ఆ కొలత విన్నప్పుడు మా షాపులో స్కేలు తీసి బల్ల మీద గీసి చూశాను. అందులో నా మల్టీమీటర్ పట్టలేదు.

సబ్బు కన్నా చిన్నది ఇప్పటికే విక్రమ్ మీద ఉంది. నాసా ఇచ్చిన లేజర్ అద్దం. గుమ్మటంలా ఉండే అల్యూమినియం బిళ్లలో ఎనిమిది క్వార్ట్జ్ పట్టకాలు. అడ్డంగా ఐదు సెంటీమీటర్లు, బరువు ఇరవై గ్రాములు. సైకిలు వెనక ఎర్ర బిళ్ల ఉంటుంది చూశారా, అది పగిలినప్పుడు లోపలి వైపు వేలితో తడిమితే గరుగ్గా, చిన్న చిన్న మూలలు తగులుతాయి. మూడు గోడలు కలిసే గది మూల లాంటివి. వెలుతురు ఎటు నుంచి వచ్చినా మూడు గోడలకీ తగిలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. లారీ హెడ్‌లైటుకి ఎడ్లబండి వెనక బిళ్ల మెరిసేది ఇందుకే. చంద్రుడి మీదిదీ అదే కిటుకు. 2023 డిసెంబరు 12న నాసా ఆర్బిటర్ వంద కిలోమీటర్ల దూరం నుంచి విక్రమ్ వైపు లేజర్ కొట్టింది. అద్దం జవాబిచ్చింది. అప్పటికి విక్రమ్ నిద్రపోయి మూడు నెలలు దాటింది. కరెంటు అడగదు, వేడి అడగదు, రిపేరు అడగదు. ఇలాంటిదే 1970లో సోవియట్ రష్యా వాళ్ల లూనోఖోద్ బండి మీద వెళ్లింది. అది పెద్దది, భూమి నుంచే లేజర్ కొట్టగలిగేది. బండి ఆగిపోయాక అది ఎక్కడుందో సరిగ్గా తెలియక దాదాపు నలభై ఏళ్లు ఎవరికీ దొరకలేదు. 2010లో ఆర్బిటర్ ఫోటోల్లో బండి జాడ పట్టి లేజర్ కొడితే తళుక్కుమంది.

విక్రమ్ అద్దం చిన్నదైనందుకు కట్టిన మూల్యం కూడా చెప్పాలి. భూమి నుంచి కొట్టే లేజర్‌కి అది ఆనదు. చంద్రుడి చుట్టూ తిరిగే నౌక నుంచే కొట్టాలి.

ఈ మాట పట్టుకుని మా బావమరిది వాదన మొదలుపెట్టాడు. వాడికి ఎలక్ట్రానిక్స్‌లో నాకన్నా చదువు ఎక్కువ. "బావా, చిన్న పరికరాలతో వచ్చేది చిన్న సైన్సే. అపోలో వాళ్లు పెట్టిన సీస్మోమీటర్లు పన్నెండు వేలకు పైగా ప్రకంపనలు పట్టాయి. విక్రమ్ మీదున్న మన సీస్మోమీటర్ ఇల్సా ఎన్ని పట్టింది?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. ఇల్సా లోపల ఉన్నవి సిలికాన్‌లో చెక్కిన సన్నటి స్ప్రింగులూ బరువులూ, మన ఫోను అడ్డం తిప్పితే బొమ్మ తిరగడానికి కారణమైన చిప్పుకి పెద్దన్నలు. అది విన్నది మొత్తం 190 గంటలు. పట్టిన సంకేతాలు 250 పైచిలుకు. అందులో దాదాపు రెండొందలు మన రోవర్ ప్రజ్ఞాన్ నడకా, ఇతర పరికరాల కదలికలూ. ఇంట్లో దొంగ కోసం చెవులు రిక్కిస్తే పిల్లి చప్పుడు వినపడ్డట్టు. తక్కిన ఓ యాభైకి మాత్రం మన వైపు కారణం కనపడలేదు. వాటిలో ఏమైనా నిజమైన కంపాలు ఉన్నాయేమో. చెవి చురుకులో అపోలో సీస్మోమీటర్‌కీ దీనికీ పోలిక లేదు, ఒప్పుకున్నాను.

కానీ వాడు అసలు తేడా వదిలేశాడు. అపోలో పరికరాలు 1977 సెప్టెంబరు 30 దాకా, ఖర్చు తగ్గించుకోవడానికి భూమి మీద వాళ్లే స్విచ్ ఆపేదాకా, ఏళ్ల తరబడి విన్నాయి. ప్లుటోనియం వేడి వాటిని రాత్రిళ్లు కాచింది. ఇల్సాకి దొరికింది పన్నెండు రోజుల లోపు. చంద్రుడి రాత్రి మన లెక్కలో రెండు వారాలు, చలి మైనస్ వంద దాటిపోతుంది. పైగా చిన్న వస్తువుకి చలి ఎక్కువ ఎక్కుతుంది. పెళ్లి గుండిగలో అన్నం సాయంత్రం దాకా గోరువెచ్చగా ఉంటుంది, గిన్నెలో పెట్టుకున్నది పావుగంటలో చల్లారిపోతుంది. కాబట్టి చిన్న పరికరాల వాళ్లం గొంతు చించుకోవాల్సింది ఇంకా చిన్నవి చెయ్యండి అని కాదు, రాత్రికి దుప్పటి కప్పండి అని. లూనోఖోద్ పొలోనియం వేడితో నెలల తరబడి రాత్రులు దాటింది. మన తరవాతి ల్యాండర్ మీద ఇంకో కెమెరాకి బదులు, ఒక చిన్న వేడి డబ్బా పక్కన ఒక చిన్న సీస్మోమీటర్ కూర్చుని ఏడాది పాటు వింటే చాలంటాను. బావమరిది దీనికి మాత్రం తలూపాడు. ఖర్చు ఎవరిస్తారని వెంటనే అడిగాడనుకోండి.

"పిట్ట కొంచెం కూత ఘనం" అని ఆ వారమంతా టీవీల్లో ఊదరగొట్టారు. సామెత తప్పుగా వాడారనిపించింది. ఈ పిట్టలు కూసేది తక్కువ. వాటి చెవి ఘనం.

ఇంకో సంగతి, దిగడమే గ్యారంటీ లేని ఊరది. 2019లో ఇజ్రాయెల్ వాళ్ల బెరెషీట్ కూలింది, మన చంద్రయాన్-2 విక్రమ్ కూలింది. 2023లో జపాన్ ప్రైవేటు ల్యాండర్ కూలి, లోపలున్న ఎమిరేట్స్ రోవర్ రషీద్‌నీ తీసుకుపోయింది. ఎడ్లబండి బోల్తా కొట్టే దారిలో ఊరి మూటలన్నీ ఒకే బండికెత్తడం నాకు మింగుడుపడదు. 2024 జనవరిలో జపాన్ ల్యాండర్ స్లిమ్ చంద్రుడి మీద తలకిందులుగా దిగబడింది. ఆ సంగతి మనకి ఎలా తెలిసింది? దిగే ముందు అది వదిలిన సోరా-క్యూ అనే బంతి ఫోటో తీసింది. ఎనిమిది సెంటీమీటర్ల బంతి, బరువు పావు కిలో. బొమ్మల కంపెనీ టోమీ కూడా చేయి వేసి చేసింది. నేల తగలగానే రెండు చిప్పలుగా విడి, చిప్పలే చక్రాలై దొర్లింది. పెద్దన్న బోర్లాపడితే ఫోటో తీసిన బుడ్డోడన్నమాట!

నాకున్న అసంతృప్తి పరికరాల మీద కాదు, మన అడిగే తీరు మీద. 2008 నవంబరు 14న చంద్రయాన్-1 నుంచి మూన్ ఇంపాక్ట్ ప్రోబ్ ఊడి చంద్రుణ్ణి ఢీకొట్టింది. దాని పక్కల మీద ఉన్న జెండా గురించి అప్పుడు అందరికీ తెలుసు. అందులో వాయువుల్లో ఏమేమున్నాయో తేల్చే చేస్ అనే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉందనీ, కిందికి పడుతున్న ఆ కాసేపట్లోనే పైనున్న పలచని వాయువుల్లో నీటి ఆవిరి జాడ పట్టిందనీ ఎందరికి తెలుసు? ఆ పేపరు 2010లో వచ్చింది. అదే నౌక మీదున్న నాసా పరికరం ఎం-త్రీ ఫలితం 2009 సెప్టెంబరులోనే వచ్చి, చంద్రుడి మీద నీరు అన్న వార్త దాని పేరున స్థిరపడిపోయింది. పరికరం దిగిందా అని అడిగినవాళ్లం, అది ఏం చెప్పిందని అడగలేదు. ప్రజ్ఞాన్ నూట మూడు మీటర్లు నడిచి, ఇరవై మూడు చోట్ల ఆగి, మూలకాలు పసిగట్టే ఏపీఎక్స్ఎస్‌తో మట్టి పరీక్షించింది. ఒకప్పుడు చంద్రుడి పైభాగమంతా కరిగిన రాతి సముద్రం అన్న ఊహకి ఆ కొలతలు బలమిచ్చాయి. 2024 ఆగస్టులో ఆ ఫలితం వచ్చిన రోజు మా షెడ్డులో ఎవరూ లడ్డూలు తేలేదు. నేనూ తేలేదు లెండి.

వాలు సంగతి నాకే కళ్లతో చూడాలనిపించి, మేలో డాబా మీద ఖాళీ కుండీలో ఇసుక పోసి, గుట్టగా చేసి, రెండు వైపులా రెండు ప్రోబులు గుచ్చాను. తేడా లేదు. ఒక డిగ్రీ అటూ ఇటూ. ప్రోబులు మార్చి చూశాను, ఐసులో పెట్టి చూశాను. రెండ్రోజుల తర్వాత తల పైకెత్తితే అర్థమైంది. మేలో హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తిన. వాలు ఎటున్నా ఎండ ఒకటే. పాతికేళ్ల అనుభవం! సంక్రాంతి దాకా ఆగి మళ్లీ పెట్టాను. ఈసారి మధ్యాహ్నం దక్షిణం వైపు 44, ఉత్తరం వైపు 31. కాగితం మీద రాసుకున్నాను. రెండో రోజు ఉత్తరం వైపు రీడింగు ఇంకా పడిపోయింది, 27. గాలి మారలేదు, ఎండ మారలేదు. మళ్లీ ప్రోబు మీద అనుమానం.

మా ఆవిడ బట్టలు ఆరెయ్యడానికి పైకి వచ్చింది. సంగతి చెప్పాను. "నిన్న సాయంత్రం అన్ని కుండీలతో పాటు దానికీ నీళ్లు పోశానండీ, ఖాళీ కుండీ అనుకోలేదు" అంది. ఒక్క మాటతో ప్రయోగం గోవిందా. ఆమె బకెట్టు కింద పెట్టి, ఇసుక గుట్టలో దక్షిణం వైపు ఒక వేలు, ఉత్తరం వైపు ఒక వేలు గుచ్చి చూసింది.

"ఇటు పొడి పొడిగా ఉంది. అటు మాత్రం లోపల ఇంకా తడి ఉందండీ."